దగ్గరుండి చేయించే వ్యాయామం

నడుములో నరాల దారి ఇరుకైనవారికి ఆపరేషన్ లేని వైద్యం గురించి
(నాందేడ్ తెలుగువారి సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఇక్కడ అందరికీ తెలుసు. అసలు పేరు కంటే 'డ్రిల్ సారు' అన్న పిలుపే ఆయనకు స్థిరపడిపోయింది. కుటుంబం కోరిక కూడా అదే కాబట్టి అచ్చులోనూ అలాగే ఉంచుతున్నాం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్ల పిల్లలకూ, మరాఠీ, ఉర్దూ ఇళ్ల పిల్లలకూ ఒకే ఈలతో కవాతు నేర్పిన మనిషి ఆయన. నాందేడ్ జిల్లా 1956లో హైదరాబాద్ రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. అయినా పెద్ద జబ్బు చేస్తే మనలో చాలామంది ఇప్పటికీ హైదరాబాద్ రైలే ఎక్కుతారు. ఆ స్టేషన్ దాకా నడవడమే కష్టమైపోయినవాళ్ల గురించి ఇవాళ మాట్లాడతాను.

చివరి ఏళ్లలో సారును పట్టుకున్నది నడుములో నరాల దారి ఇరుకయ్యే జబ్బు. ఒకచోట ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం ఇచ్చి పంపారు. అది మడతపెట్టినట్టే కళ్లజోడు డబ్బాలో ఉండిపోయింది. తరాల పిల్లలను వంచి, లేపి, పరుగెత్తించిన మనిషి తన ఒంటిని మాత్రం తానుగా వంచలేకపోయారు. తర్వాత వారానికి రెండుసార్లు మా దగ్గరకు వచ్చి చేసినవి కొత్తవేమీ కావు, ఆ కాగితంలోని కసరత్తులే. కాకపోతే ఈసారి పక్కన లెక్కపెట్టే మనిషి ఉన్నాడు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. ఈ జబ్బులో వ్యాయామం రాసిచ్చే మందు కాదు, దగ్గరుండి చేయించే చికిత్స.

జబ్బు సంగతి

వెన్నుపాము నడుము మొదట్లోనే, మొదటి రెండు నడుం పూసల దగ్గర ముగుస్తుంది. అక్కణ్నుంచి కాళ్లకూ మూత్రాశయానికీ వెళ్లే నరాలు కట్టగా కిందికి దిగుతాయి. అవి దిగే ఎముక మార్గం ముందు నుంచి వెనక్కి సాధారణంగా 15 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంటుంది. వయసుతో డిస్కులు ఎండి కుంగుతాయి, పూసల కీళ్లు ఉబ్బుతాయి, వెనక ఉండే పసుపు రంగు స్నాయువు మందమెక్కుతుంది. కొందరిలో ఒక పూస మరోదాని మీద ముందుకు జారుతుంది. దాంతో దారి ఇరుకవుతుంది. నాలుగు, అయిదు నడుం పూసల మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుంది. 12 మిల్లీమీటర్ల లోపుంటే ఇరుకని, 10 లోపుంటే బాగా ఇరుకని చాలాకాలంగా వాడుతున్న కొలత. దీన్నే డాక్టర్లు లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు. మన పేషెంట్లు 'మణకాల గ్యాప్ వచ్చింది' అనో, 'నస్ దబ్బింది' అనో మూడు భాషలు కలిపి చెబుతారు.

డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్ 1954లో ఈ జబ్బు రూపాన్ని స్పష్టంగా వర్ణించి లోకం దృష్టికి తెచ్చాడు. పడుకుంటే, కూర్చుంటే ఏమీ ఉండదు. నిలబడి నడిస్తేనే కాళ్లు మొరాయిస్తాయి. కారణం సూటిగానే ఉంది. నిటారుగా నిలబడి నడుము వెనక్కి వాలితే మందమెక్కిన స్నాయువు మడతపడి దారిలోకి పొడుచుకొస్తుంది. ముందుకు వంగితే అది సాగుతుంది, దారి కొంచెం తెరుచుకుంటుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే రోగలక్షణాలూ వ్యాయామాలూ అన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ధర్మాబాద్ పక్క పల్లె నుంచి వచ్చే ఒక అవ్వ చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. 'కూసుంటె ఏం లేదు బిడ్డా. కలుపు తీసేటప్పుడు గూడ మంచిగనే ఉంటది. చేన్ల నుంచి ఇంటికి నడిచొస్తుంటెనే కాళ్లు గుంజుతయి, మొద్దు బారుతయి. రెండు తాండ్ల కూసుండి లేస్తె మళ్ల కొద్దిదూరం పోత.' రోజంతా వంగి కలుపు తీయగలిగిన మనిషి ఖాళీ చేతులతో ఇంటికి నడవలేకపోతోంది. కోడలికి ఇది సాకులా కనిపించింది. కొడుకుకి వయసులా కనిపించింది. నిజానికి రోగ నిర్ధారణలో సగం ఆమె మాటల్లోనే ఉంది.

ఇలాంటి గుర్తులు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. మాహూర్ రేణుకాదేవి మెట్లు ఎక్కేటప్పుడు ముందుకు వంగుతాం కాబట్టి ఈ రోగులు ఎక్కగలుగుతారు, దిగేటప్పుడే అవస్థ పడతారు. నడవలేని మనిషి సైకిలు మీద మార్కెట్టుకు వెళ్లొస్తాడు, హ్యాండిల్ మీదికి వాలడమే కిటుకు. కాళ్లలో రక్తనాళాలు మూసుకుపోయినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. వాళ్లకు మాత్రం ఆగి నిలబడితే చాలు, నొప్పి తగ్గుతుంది. సైకిలు తొక్కినా వస్తుంది. స్టెనోసిస్ ఉన్నవాళ్లకు నిలబడితే చాలదు, కూర్చోవాలి లేదా వంగాలి. షుగరు, పొగాకు అలవాటు ఉన్నవాళ్లలో రెండూ కలిసి ఉండవచ్చు. అందుకే పాదం మీద నాడి చూడకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

ఎమ్మారై గురించి ఒక మాట. 1990లో బోడెన్ బృందం నడుము బాధేమీ లేని 67 మందికి ఎమ్మారై తీసింది. 60 దాటినవాళ్లలో 21 శాతం మందికి స్కానులో స్టెనోసిస్ కనిపించింది. వాళ్లకు ఏ బాధా లేదు. కాబట్టి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఫిల్ము పట్టుకుని 'నా నరాలు నలిగిపోయినయి' అని ఎవరైనా వణికిపోతుంటే, ముందు ఎంత దూరం నడవగలరో అడుగుతాను. వైద్యం ఆ దూరానికి, ఫిల్ముకు కాదు.

పన్నెండు పూటల పని

ఇప్పుడు చికిత్స. మన దగ్గర ఫిజియోథెరపీ అంటే 'కరెంటు పెట్టించుకోవడం', కాపడం, బెల్టు. పడుకుని ఉంటే ఎవరో ఏదో చేస్తారు, లేచి వెళ్లిపోతాం. నేను చెబుతున్నది దీనికి ఎదురు. ఇందులో పేషెంటే పనిచేస్తాడు. పక్కనున్న మనిషి చూస్తాడు, సరిదిద్దుతాడు, మోతాదు పెంచుతాడు. ప్రపంచంలో జరిగిన పెద్ద పరిశోధనలు చాలావరకు వారానికి రెండుసార్లు, ఆరు వారాలు అన్న లెక్కనే పాటించాయి. అంటే పన్నెండు పూటలు.

ఒక పూట ఎలా సాగుతుందో చెబుతాను. ముందు వరండాలో నడిపిస్తాం. కాళ్లు ఎక్కడ బరువెక్కాయో, ఎక్కడ కూర్చోవాల్సి వచ్చిందో గోడ గుర్తుల ప్రకారం పుస్తకంలో రాస్తాం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిపిస్తాం. నడుం కింద చెయ్యి పెట్టి, 'ఈ చెయ్యిని నేలకేసి నొక్కు' అంటాం. పొట్ట లోపలికి పోవాలి, నడుము వంపు తగ్గాలి, శ్వాస మాత్రం ఆగకూడదు. మొదటిరోజు నూటికి తొంభై మంది ఊపిరి బిగబట్టి మెడ బిగిస్తారు. బొమ్మల కాగితానికి ఆ మెడ కనబడదు. పక్కనున్నవాళ్లకు కనబడుతుంది. తర్వాత ఒక్కో మోకాలు ఛాతీ దగ్గరికి, ఆ తర్వాత రెండూ. తుంటి ముందుభాగంలో కండరాలు బిగుసుకుపోయి నడుమును ముందుకు లాగి వంపు పెంచుతాయి కాబట్టి వాటిని సాగదీయాలి. పొట్ట, పిరుదుల కండరాలకు బలం ఇవ్వాలి. ఆఖరున సైకిలు, మళ్లీ నడక. కాళ్లు ఒక మోస్తరుగా బరువెక్కేదాకా నడిపించి, కూర్చోబెట్టి, తేరుకున్నాక మళ్లీ లేపుతాం.

'ఎముక పెరిగి దారి మూసుకుంటే కసరత్తు ఏం తెరుస్తుంది?' అని అడుగుతారు. తెరవదు. దారి కొలత మారదు. మారేది నడిచేటప్పుడు నడుము నిలబడే తీరు, తుంటి కండరాల పొడవు, కాలికండల ఓపిక, ఎంత దూరం నడిస్తే ఏమవుతుందో తెలిసిన ధైర్యం. ఈ జబ్బులో నడక తగ్గితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నడక ఇంకా తగ్గుతుంది. ఆ గుండ్రం తిరుగుడును ఆపడమే మా పని.

లెక్కలు ఏమంటున్నాయి

జపాన్‌లోని వకయామాలో మినెతామా బృందం 86 మంది రోగులను రెండుగా విడగొట్టింది. ఒక జట్టుకు ఇంట్లో చేసుకోమని వ్యాయామాలు నేర్పి పంపారు. రెండో జట్టువారితో వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు దగ్గరుండి చేయించారు. 2019లో వెలువడిన ఫలితం ప్రకారం బాధ తగ్గడంలోనూ, నడిచే దూరంలోనూ రెండోవారే ముందున్నారు. ఏడాది తర్వాత చూసినప్పుడు ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు కూడా వాళ్లలోనే తక్కువ.

కెనడాలోని టొరంటోలో అమెండోలియా బృందం 104 మందితో ఇలాంటి పరిశోధనే చేసింది. స్వయంగా చేసుకునేవాళ్లకు పుస్తకమిచ్చారు, అడుగులు లెక్కపెట్టే చిన్న పరికరమిచ్చారు, ఒకసారి కూర్చోబెట్టి నేర్పారు. రెండో జట్టుకు అవన్నీ ఇస్తూనే ఆరు వారాల పాటు దగ్గరుండి చేయించారు. ఆరు నెలల తర్వాత రెండు జట్ల మధ్య నడక తేడా 400 మీటర్లు దాటింది. ఆ దూరం ఉంటే ఒక మనిషి రేషన్ షాపుకు వెళ్లి రావచ్చు, గురుద్వారా ప్రాంగణంలో ఒక చుట్టు తిరగవచ్చు.

అన్ని పరిశోధనలూ ఇంత అనుకూలంగా లేవు. అమెరికాలో 259 మందిపై ష్నైడర్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో మందులు, గుంపు వ్యాయామం, చేతి చికిత్సతో కలిపి విడిగా చేయించే వ్యాయామం అని మూడు దారులు పోల్చారు. రెండు నెలలకు మూడోదే మెరుగు. ఆరు నెలలకు తేడా మిగల్లేదు. దీన్ని నేను అర్థం చేసుకునేది ఇలా: ఆరు వారాలయ్యాక చెయ్యి పూర్తిగా వదిలేస్తే లాభం కరిగిపోతుంది. టొరంటోలో పేషెంటుకు తన జబ్బును తానే చూసుకోవడం మొదటిరోజు నుంచీ నేర్పారు, అందుకే అక్కడ ఫలితం ఏడాది దాకా నిలిచింది. దగ్గరుండటమంటే జీవితాంతం పట్టుకుని ఉండటం కాదు. పేషెంటు తనంతట తాను చేసుకునేదాకా ఉండటం.

యంత్రాల సంగతీ చెప్పాలి. శరీరం బరువును పైనుంచి తాళ్లతో మోసే ట్రెడ్‌మిల్లు విదేశాల్లో వాడతారు. సింగపూర్‌లో 2007లో ఆ ట్రెడ్‌మిల్లునూ మామూలు సైకిలునూ 68 మందిలో పోల్చి చూస్తే ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. నాందేడ్‌కు ఇది మంచి వార్త. మనకు లేని యంత్రం గురించి బెంగ అక్కర్లేదు.

వెన్నులో వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్ల మీద ఆశ పెట్టుకునేవాళ్లు చాలామంది. 2014లో 400 మందిపై వచ్చిన పెద్ద అధ్యయనంలో, స్టిరాయిడ్ కలిపిన మత్తుమందుకూ ఉట్టి మత్తుమందుకూ మధ్య ఆరు వారాలకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

కాగితం ఎక్కడ తప్పుతుంది

దగ్గరుండటం వల్ల లాభం కేవలం క్రమశిక్షణ అనుకోవద్దు. నాకు కనిపించినవి ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది, తప్పు వ్యాయామం ఆగుతుంది. పొద్దున్నే టీవీ చూసి, పార్కులో నలుగురితో కలిసి యోగా చేసేవాళ్లు మన దగ్గర బాగా పెరిగారు. అది మంచిదే. కానీ భుజంగాసనం, ఉష్ట్రాసనం, సూర్యనమస్కారంలో వెనక్కి వాలే భంగిమలు ఈ రోగికి సరిగ్గా ఇరుకు దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. డిస్కు జారినవాళ్లలో చాలామందికి హాయినిచ్చే వెనక్కి వంపే స్టెనోసిస్ ఉన్నవాళ్లకు పడదు. 'నడుం నొప్పికి ఆసనం' అని ఒకటే ఉండదు. ఎవరి నడుమో చూసి చెప్పే కన్ను కావాలి.

రెండోది, భయానికి కొలత దొరుకుతుంది. కాలు తిమ్మిరెక్కగానే నరం తెగిపోతుందేమోనని ఆగిపోయే మనిషికి, 'ఇంతవరకు ఫర్వాలేదు, ఇక్కడ కూర్చో, మళ్లీ లేద్దాం' అని ఎవరో చెప్పాలి. కాగితం ఆ మాట చెప్పలేదు.

మూడోది, ప్రమాదం ముందుగా కనబడుతుంది. వారానికి రెండుసార్లు చూసే మనిషికి చెప్పు పాదం నుంచి జారుతోందని, బొటనవేలు పైకి లేవడం లేదని ఇంట్లోవాళ్ల కంటే ముందు తెలుస్తుంది.

ఆపరేషన్ శత్రువు కాదు

మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, పాదం వేలాడిపోవడం, రోజురోజుకూ కాలి బలం తగ్గడం. వీటిలో ఏది వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. మొదటి మూడింటికి మరుసటి రోజు దాకా కూడా ఆగకూడదు. జ్వరం, కారణం లేని బరువు తగ్గుదల, పాత క్యాన్సర్ ఉంటే కూడా ముందు డాక్టరే.

అలాంటివేమీ లేనివాళ్లకు తొందర లేదు. 2022లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ఆపరేషన్ లేకుండా గడిపినవాళ్లలో సుమారు మూడోవంతు మెరుగవుతారు, సగం మంది ఉన్నచోటే ఉంటారు, 10 నుంచి 20 శాతం మంది దిగజారుతారు. పిట్స్‌బర్గ్‌లో డెలిట్టో బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో 169 మందికి ఆపరేషనో ఫిజియోథెరపీయో చీటీ తీసినట్టు నిర్ణయించారు. రెండేళ్లకు శారీరక సామర్థ్యంలో రెండు జట్లూ సమానంగానే తేలాయి. అయితే ఫిజియోథెరపీ జట్టులో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు మారారు. ఈ రెండో వాక్యం దాచి మొదటిది మాత్రం చెప్పడం మా వృత్తికి తగదు. అమెరికాలో స్పోర్ట్ అనే పెద్ద అధ్యయనంలోనూ, నిజంగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మేలు ఎక్కువగానే కనిపించింది. పన్నెండు పూటలు నిజాయితీగా చేసినా నడక పెరగకపోతే, ఆ మనిషి బతుకు ఇంట్లోనే కుదించుకుపోతుంటే, సర్జన్‌తో కూర్చుని మాట్లాడాలి. అప్పటికి వాళ్ల కండలు బలపడి ఉంటాయి కాబట్టి ఆ శ్రమ వృథా పోదు.

నాందేడ్‌లో ఎలా?

ఇక అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. పన్నెండు పూటలు అనడం తేలిక. బిలోలి తాలూకా నుంచి వచ్చే కూలి మనిషికి అవి పన్నెండు బస్సు టికెట్లు, పన్నెండు రోజుల కూలి. తోడొచ్చే మనిషికీ అంతే. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, కానీ ఆస్పత్రిలో చేరిన వైద్యానికే. చేరకుండా వచ్చిపోయే వైద్యం అందులోకి రాదు. అంటే లక్షలు ఖర్చయ్యే ఆపరేషన్‌కు దారి ఉంది, దాన్ని తప్పించగల పన్నెండు పూటలకు లేదు. ఇది మార్చలేనిదేమీ కాదు. కాళ్ల రక్తనాళాల జబ్బుకు అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2017 నుంచి పన్నెండు వారాల్లో 36 పూటల పర్యవేక్షిత వ్యాయామానికి డబ్బు కడుతోంది. వ్యాయామాన్ని కూడా పూటలు లెక్కగట్టి కొనదగ్గ వైద్యంగా ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మన దగ్గర 2021 చట్టం ఫిజియోథెరపీ వంటి వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పరిచింది. వృత్తికి గుర్తింపు వచ్చింది, పూటకు వెల కట్టడం మిగిలింది.

అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. నా ప్రతిపాదనలు చిన్నవి. ఊళ్లో పద్మశాలీ సంఘాలకూ మిగతా సమాజాలకూ మంగళ కార్యాలయాలున్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఉదయం పూట అవి ఖాళీ. వారానికి రెండు ఉదయాలు ఒక హాలు, నాలుగు చాపలు, రెండు పాత సైకిళ్లకు స్టాండ్లు, గోడ వెంట కుర్చీలు ఇస్తే ఒక ఫిజియోథెరపిస్టు ఎనిమిది పదిమందితో చేయించగలడు. తొలి రెండు నెలల్లో విడిగా చేయించినంత పదును గుంపులో ఉండదని ష్నైడర్ పరిశోధన చెప్పింది. కాబట్టి మొదటి పరీక్ష, మొదటి రెండు పూటలు ఒక్కొక్కరికీ విడిగానే ఉండాలి.

పల్లెల నుంచి వచ్చేవాళ్లతో పాటు ఇంట్లోంచి ఒకరిని రమ్మనాలి. మనవడో కోడలో ఎవరైనా సరే, నడుం కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లు నేర్చుకుంటే ఆరు పూటలు ఇక్కడ, ఆరు ఇంటి దగ్గర జరుపుకోవచ్చు. ఫోనులో వీడియో చూసి సరిదిద్దడం ఇప్పుడు కష్టమేమీ కాదు. పల్లెల్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో యోగా ఎలాగూ నడుస్తోంది. అక్కడి శిక్షకులకు స్టెనోసిస్ రోగిని గుర్తుపట్టే మూడు ప్రశ్నలు నేర్పితే చాలు. కూర్చుంటే తగ్గుతుందా? వంగి నడిస్తే తేలికా? సైకిలు తొక్కగలరా? అవునంటే వెనక్కి వంచొద్దు, డాక్టరుకు చూపించమనాలి.

చేయించేవాళ్లు పేషెంటు భాషలో మాట్లాడాలి. మరాఠీలో చెప్పింది తలూపి విని, బయటికొచ్చి 'ఏమన్నడు?' అని అడిగే అవ్వలు కిన్వట్, ధర్మాబాద్ పల్లెల్లో చాలామంది. శ్వాస ఎప్పుడు వదలాలో అర్థంకాని వ్యాయామం సగం వ్యాయామమే. ఈ ఊళ్లో ఫిజియోథెరపీ చదివే తెలుగు పిల్లలకు ఇక్కడ పని ఉంది.

చివరగా సభలోని డాక్టర్లకు ఒక విన్నపం. మందుచీటీ అడుగున 'వ్యాయామం చేయాలి' అని రాసి సంతకం పెట్టడం మానేద్దాం. ఎవరి దగ్గర, ఏ రోజుల్లో, ఎన్ని పూటలు, ఏ భంగిమ వద్దు అన్నది మాత్రల పేర్లతో సమానంగా రాద్దాం. ఆరు వారాల తర్వాత పేషెంటు తిరిగొచ్చినప్పుడు మొదటి ప్రశ్నగా ఎంత దూరం నడిచాడో అడుగుదాం. సంఘాల పెద్దలు హాలు తాళంచెవి ఇవ్వడానికి ముందుకొస్తే, పేర్లు రాసుకోవడం ఇవాళ సభ ముగిశాక ఈ బల్ల దగ్గరే మొదలుపెడతాను.